హీట్ పంప్‌కి స్మార్ట్ థర్మోస్టాట్: అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఏది ముట్టుకోవాలి, ఏది వదిలేయాలి

ముందు మీ సమస్యని నా మాటల్లో చెప్తాను, తప్పు అర్థం చేసుకుని ఉంటే ఇక్కడే తెలిసిపోతుంది. పాతది తీసేసి స్మార్ట్ థర్మోస్టాట్ పెట్టారు. దాని వెనకాల ఉన్నది హీట్ పంప్, అంటే బయటి గాలిలోని వేడిని ఇంట్లోకి మోసుకొచ్చే ఏసీ లాంటి మిషన్, తోడుగా కరెంటుతో వేడెక్కే ఆగ్జిలరీ కాయిల్స్. ఇబ్బందులు మూడు. హీటింగ్ ఆరేడు నిమిషాలకోసారి ఆన్ అవుతోంది, ఆగిపోతోంది. తెర మీద 21 డిగ్రీలని ఉన్నా పడకగదిలో చలి వేస్తోంది. రాత్రిపూట 17కి తగ్గిస్తున్నా బిల్లు తగ్గకపోగా పెరిగింది. బిగించేవాళ్ల కోసం ఉండే ఇన్‌స్టాలర్ మెనూ తెరిస్తే యాభై ఆప్షన్లు కనబడి టెన్షన్ పట్టుకుంది.

ఆ యాభైలో మీకు పనికొచ్చేవి ఆరో ఏడో, అంతే. పైగా ఈ మూడు ఇబ్బందులూ ఒకే చోట నుంచి వస్తున్నవి కావు, కాబట్టి అన్నిటికీ ఒకే మందు దొరుకుతుందని వెతక్కండి.

థర్మోస్టాట్‌కి ఎంత తెలివి ఉన్నా చివరికి అది చేసేది స్విచ్ పనే. ఈ వైరుని ఆ వైరుతో కలపాలా వద్దా, కలిపితే ఎంతసేపు ఉంచాలి, అదే దాని ఉద్యోగం. వేడి పుట్టించే మిషన్ వేరే ఉంది, దాని స్వభావం వేరే. పదిహేనేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, "థర్మోస్టాట్ పాడైపోయింది, వచ్చి మార్చండి" అని పిలిచిన ఇళ్లలో చాలాచోట్ల థర్మోస్టాట్ దివ్యంగా ఉండేది, ఇంట్లో ఉన్న మిషన్ గురించి దానికి ఎవరో తప్పు చెప్పారు, అంతే. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు గోడ మీది ఆ పెట్టె తిట్లు తింటుంది.

ఏదీ మార్చకముందు రెండు పనులు చేయండి. ఒకటి, ఇన్‌స్టాలర్ మెనూలో ప్రతి తెరనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. విసుగ్గానే ఉంటుంది, పది నిమిషాలు పడుతుంది, కానీ వారం తర్వాత "మొదట్లో ఇది ఎంత ఉండేది" అని మీరే అడుగుతారు, అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ కొడితే షెడ్యూల్‌తో సహా అన్నీ ఎగిరిపోతాయి. రెండు, యాప్‌లో గానీ వెబ్‌సైట్‌లో గానీ హిస్టరీ గ్రాఫ్ ఉంటే బాగా చలిగా ఉన్న ఒక రోజుది తెరవండి. అందులో కంప్రెసర్ ఎప్పుడు నడిచింది, ఆగ్జిలరీ ఎప్పుడు నడిచింది, బయట ఉష్ణోగ్రత ఎంత, ఈ మూడు గీతలే చూడండి. మీ మోడల్‌లో గ్రాఫ్ లేకపోతే ఒక సాయంత్రం కాగితం పెట్టుకుని కూర్చుని, గంటలో ఎన్నిసార్లు ఆన్ అయింది, ఒక్కోసారి ఎన్ని నిమిషాలు నడిచింది రాసుకోండి. పాత పద్ధతే, కానీ నేను ఇప్పటికీ చేస్తాను.

ఇక్కడ చాలామంది తలకిందులుగా అర్థం చేసుకునే విషయం ఒకటుంది. హీట్ పంప్ బాగా చలి ఉన్న రోజు గంటలకొద్దీ ఆగకుండా నడిస్తే అది రోగం కాదు. గ్యాస్ మండించి గాలిని వేడిచేసే ఫర్నేస్‌లా అది వేడిగాలిని ఒక్కసారి గుప్పించి ఆగదు, గోరువెచ్చటి గాలిని నెమ్మదిగా, ఎక్కువసేపు వదులుతుంది. ఆగకుండా నడవడం దానికి ఇష్టం. ఆగి ఆగి నడవడమే దానికి పడదు.

ఇప్పుడు మెనూలోకి. మొట్టమొదట చూడాల్సింది మిషన్ రకం. చాలా మోడళ్లలో దీన్ని ఎక్విప్‌మెంట్ లేదా సిస్టమ్ టైప్ అంటారు. హీట్ పంప్ అని ఉండాల్సిన చోట కన్వెన్షనల్ (అంటే మామూలు ఫర్నేస్) అని గానీ, ఆగ్జిలరీ ఒక స్టేజ్ ఉంటే రెండు అని గానీ ఉంటే, తర్వాత మీరు చేసే సర్దుబాట్లన్నీ వృథా. ఇంధనం ఏదని అడిగే చోట కూడా జాగ్రత్త. గ్యాస్ ఫర్నేస్ అయితే లోపల వేడెక్కేదాకా ఆగి ఫ్యాన్‌ని తనే తిప్పుకుంటుంది, ఎలక్ట్రిక్ అయితే ఫ్యాన్‌ని థర్మోస్టాటే తిప్పాలి. ఇది తారుమారైతే గ్యాస్ ఫర్నేస్ ఉన్న ఇంట్లో మొదటి నిమిషం చల్లగాలి మొహాన కొడుతుంది.

దాని తర్వాత ఓ/బి సెట్టింగ్. హీట్ పంప్‌లో వేడికీ చల్లదనానికీ దారి మళ్లించే రివర్సింగ్ వాల్వ్ ఉంటుంది, దానికి వెళ్లే వైర్ ఇదే. చాలా కంపెనీల మిషన్లలో కూలింగ్ అప్పుడు ఈ వైర్‌కి కరెంటు వెళ్లాలి, దాన్ని ఓ అంటారు. రీమ్, రూడ్ లాంటి వాటిలో సాధారణంగా హీటింగ్ అప్పుడు వెళ్లాలి, అది బి. తప్పు పెడితే హీటింగ్ అడిగినప్పుడు కూలింగ్ వస్తుంది. "అలా అయితే వెంటనే తెలిసిపోతుంది కదా" అనుకుంటారు. తెలియకపోవచ్చు, ఎందుకంటే కంప్రెసర్ ఇంటిని చల్లబరుస్తుంటే గది ఉష్ణోగ్రత పెరగట్లేదని థర్మోస్టాట్ ఆగ్జిలరీని కూడా పిలుస్తుంది, అప్పుడు రెండూ కలిసి వెంట్‌లోంచి వచ్చే గాలి అటూ ఇటూ కాకుండా వెచ్చగానే తగులుతుంది. ఒక ఇంట్లో చలికాలంలో చాలా భాగం ఇలాగే గడిచింది. వాళ్లు "కాస్త నెమ్మదిగా వేడెక్కుతోంది" అనుకున్నారు, బిల్లు మాత్రం తడిసి మోపెడైంది. నేను వెళ్లి బయట యూనిట్ దగ్గర వంగి, నల్ల స్పాంజి తొడిగిన లావు పైపు మీద చెయ్యి పెట్టాను. హీటింగ్‌లో ఉన్నప్పుడు ఆ పైపు కాలిపోతూ ఉండాలి. అది మంచులా చల్లగా ఉంది, పైన చెమట పట్టినట్టు నీటిచుక్కలు. మెనూలో ఒక్క అక్షరం మార్చితే పని అయిపోయింది.

మీరు కూడా ఇది చూసుకోండి. ఆగ్జిలరీని మెనూలో తాత్కాలికంగా ఆపేసి, సెట్ పాయింట్‌ని, అంటే మీరు కోరే ఉష్ణోగ్రతని, గది కంటే రెండు డిగ్రీలు పైకి పెట్టి, పది నిమిషాలు ఆగి వెంట్ దగ్గర చెయ్యి పెట్టండి, తర్వాత బయట లావు పైపు చూడండి. నేరుగా పట్టుకోకండి, వేలితో తాకి చూడండి చాలు, నిజంగానే చుర్రుమంటుంది. పరీక్ష అయ్యాక ఆగ్జిలరీని మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు.

ఇక మీ మొదటి ఇబ్బంది, ఆరేడు నిమిషాల ఆన్-ఆఫ్. ఆ ఆరు నిమిషాల లెక్క వినగానే నాకు ఒక అనుమానం వచ్చింది. థర్మోస్టాట్లు ఈ విషయాన్ని రెండు రకాలుగా అడుగుతాయి. ఎకోబీ లాంటివి డిఫరెన్షియల్ అంటాయి, అంటే మీరు పెట్టిన ఉష్ణోగ్రత నుంచి ఎంత కిందికి జారాక మిషన్ ఆన్ చేయాలి అని. హనీవెల్ లాంటివి సీపీహెచ్ అని, అంటే గంటకి ఎన్ని సైకిళ్లు అని అడుగుతాయి. ఈ సీపీహెచ్ అంకె చూసి గంటకి కచ్చితంగా అన్నిసార్లు ఆన్ అవుతుందని అనుకోకండి. మిషన్ సగం లోడ్‌లో, అంటే దాని సత్తాలో సగం వేడే ఇంటికి చాలినప్పటి లెక్క అది. 3 పెడితే సగం లోడ్‌లో పది నిమిషాలు నడిచి పది నిమిషాలు ఆగుతుంది. 5 పెడితే ఆరు నిమిషాలు నడిచి ఆరు నిమిషాలు ఆగుతుంది. మీరు చెప్పింది సరిగ్గా ఇదే కదా! 5 అనేది మామూలు గ్యాస్ ఫర్నేస్‌కి పెట్టే అంకె, ఎలక్ట్రిక్ ఫర్నేస్‌కి 9, నీళ్ల బాయిలర్‌కీ హై ఎఫిషియెన్సీ ఫర్నేస్‌కీ 3, ఆవిరి సిస్టమ్‌కి 1. కంప్రెసర్ ఉన్న దేనికైనా 3. మీ మెనూలో హీటింగ్ సైకిల్ 5 అని ఉంటే 3 చేయండి, సగం కథ అక్కడే అయిపోతుంది.

డిఫరెన్షియల్ రకం అయితే ఫ్యాక్టరీ నుంచి చాలా బిగుతుగా, అర డిగ్రీ ఫారెన్‌హీట్ మీద వస్తుంది. సెల్సియస్‌లో పావు డిగ్రీ కంటే కాస్త ఎక్కువ, అంతే. దాన్ని 1 లేదా 1.5 ఫారెన్‌హీట్‌కి పెంచండి. ఇంట్లో ఎవరూ ఆ తేడా పట్టుకోలేరు, కంప్రెసర్‌కి మాత్రం ఊపిరి ఆడుతుంది. మరీ 3 దాకా పోకండి, చలి, ఉక్క, చలి, ఉక్క అని గది ఊగుతుంది. నెస్ట్ వాడుతుంటే ఈ అంకె మీ చేతికి ఇవ్వదు, దాని లెక్కలు అదే చూసుకుంటుంది. నాకైతే అది నచ్చదు, కానీ నచ్చేవాళ్లూ ఉన్నారు.

పాత గుండ్రటి థర్మోస్టాట్లు చూసినవాళ్లకి, హనీవెల్ 1953లో తెచ్చిన టీ87 లాంటివి, లోపల చిన్న మీట ఒకటి గుర్తుండొచ్చు. హీట్ యాంటిసిపేటర్ అనేవాళ్లు. ఫర్నేస్ నడుస్తున్నప్పుడు ఒక సన్నటి తీగ థర్మోస్టాట్‌ని లోపల్నుంచే కొంచెం వేడి చేసి, గది పూర్తిగా వేడెక్కకముందే "చాలు" అనిపించేది, ఎందుకంటే ఆపేశాక కూడా ఫర్నేస్‌లో మిగిలిన వేడి ఎలాగూ వస్తుంది. ఇవాళ మనం సీపీహెచ్ అని అంకె కొడుతున్నది ఆ మీట చేసిన పనే.

కంప్రెసర్ మినిమమ్ ఆఫ్ టైమ్ అని ఇంకొకటి కనిపిస్తుంది, 300 సెకన్లు అని ఉంటుంది. దాని జోలికి పోకండి. కంప్రెసర్ ఆగాక ఒకవైపు ప్రెషర్ ఎక్కువగా, ఇంకోవైపు తక్కువగా ఉంటుంది, రెండూ సమానం కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అది కాకముందే మళ్లీ స్టార్ట్ చేస్తే మోటారు ఆ ఒత్తిడికి ఎదురు తిరగలేక మూలుగుతుంది, ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆయుష్షు తగ్గుతుంది. "సెట్ పాయింట్ పెంచాను, వెంటనే ఆన్ కాలేదు" అని దీన్ని 60 సెకన్లకి తగ్గించుకున్న ఒకాయన తెలుసు నాకు. ఆయన తర్వాత కొనుక్కున్నది కొత్త కంప్రెసర్.

ఇవన్నీ సరిచేశాక కూడా ఆగి ఆగి నడుస్తుంటే, ఆగిన క్షణంలో థర్మోస్టాట్ తెర చూడండి. తెర మీద ఇంకా హీటింగ్ అని ఉండి వెంట్‌లో గాలి ఆగిపోయిందా? అయితే ఆపింది థర్మోస్టాట్ కాదు, మిషన్ తనని తాను కాపాడుకోవడానికి ఆగింది. ఫిల్టర్ మూసుకుపోయిందా, వెంట్లకి సోఫాలు అడ్డం పెట్టారా చూడండి, అవి కాకపోతే టెక్నీషియన్‌ని పిలవాలి. ఏ సెట్టింగూ దాన్ని బాగు చేయదు.

రెండోది, తెర మీద 21, పడకగదిలో చలి. ఇందులో మళ్లీ రెండు అనుమానాలున్నాయి. థర్మోస్టాట్ చదువుతున్నది తప్పా, లేక అది ఉన్నచోట నిజంగానే 21 ఉండి పడకగదిలో తక్కువ ఉందా? తేల్చుకోవడం తేలిక. మామూలు థర్మామీటర్ ఒకటి థర్మోస్టాట్ పక్కనే గోడకి అంటించి అరగంట వదిలేయండి. దగ్గర నిలబడకండి, మన ఒంటి వేడి కూడా దానికి తగులుతుంది.

తేడా ఉంటే వెంటనే టెంపరేచర్ కరెక్షన్‌లోకి వెళ్లి సర్దేయాలనిపిస్తుంది. ఆగండి. మా ఇంట్లోనే ఈ తప్పు చేశాను. నాది రెండు డిగ్రీలు ఎక్కువ చూపించేది, నేను మైనస్ రెండు పెట్టి చేతులు దులుపుకున్నాను. పగలు బాగానే ఉండేది, రాత్రి ఇల్లు కొలిమిలా అయ్యేది, ఇంకోరోజు గాలి వీస్తే తేడా అసలు ఉండేదే కాదు. చివరికి ఒక రాత్రి విసిగిపోయి థర్మోస్టాట్‌ని గోడ నుంచి ఊడదీసి చూస్తే, వైర్లు బయటికొచ్చే రంధ్రం బొటనవేలు దూరేంత ఉంది, అందులోంచి గాలి నా వేళ్లకి సన్నగా తగులుతోంది. గోడ లోపలి డొల్లలోంచి, ఎక్కడో వేడి నీళ్ల గొట్టం పక్క నుంచి వచ్చే గాలి నేరుగా సెన్సర్ వీపు మీద కొడుతోంది. పిల్లల బొమ్మల మట్టి ముద్దలాంటి సీలింగ్ పుట్టీ అరచేతిలో నలిపి ఆ రంధ్రం చుట్టూ కూరాను. మర్నాటికి తేడా పోయింది, కరెక్షన్ మళ్లీ సున్నాకి తెచ్చాను. ఇన్నేళ్లు ఊళ్లోవాళ్ల ఇళ్లు సరిచేసి నా గోడలో రంధ్రం చూసుకోలేదు.

కరెక్షన్ అనేది ఎప్పుడూ ఒకేలా ఉండే తప్పుకి మాత్రమే. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటే కారణం ఎండో, టీవీయో, దీపమో, గోడలోని రంధ్రమో, దాన్ని వెతకాలి. నేల నుంచి దాదాపు ఐదు అడుగుల ఎత్తు, లోపలి గోడ, ఎండ తగలని చోటు, వెంట్ గాలి నేరుగా కొట్టని చోటు, ఇదీ థర్మోస్టాట్‌కి ఉండాల్సిన స్థానం.

చదువుతున్నది కరెక్టే అయితే సమస్య సగటుది. చాలా స్మార్ట్ మోడళ్లకి విడి సెన్సర్లు పెట్టుకోవచ్చు, అవన్నీ కలిపి సగటు చూపిస్తాయి. హాల్లో 23, పడకగదిలో 19 ఉంటే తెర మీద 21 కనిపిస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది, ఏ గదిలోనూ 21 ఉండదు. యాప్‌లో ఏ సమయానికి ఏ సెన్సర్ లెక్కలోకి రావాలో ఎంచుకునే చోటు ఉంటుంది. నిద్ర సమయానికి పడకగది సెన్సర్ ఒక్కటే ఉంచండి, మిగతావి తీసేయండి. మనిషి ఉన్న గదిని వెంబడించే ఫీచర్ ఉంటే రాత్రిపూట ఆపేయండి, నీళ్లకి లేచి వంటింట్లోకి వెళ్లినప్పుడల్లా లెక్క మారిపోతుంటుంది. ఒక్క హెచ్చరిక: తలుపు మూసుకుని పడుకునేవాళ్లయితే ఆ గదిని 21కి తేవడానికి మిగతా ఇల్లంతా 24కి పోవచ్చు. అప్పుడు సెట్టింగులతో కుస్తీ పట్టకుండా తలుపు కింద గాలి తిరగడానికి సందు ఉందా, ఆ గది వెంట్ పూర్తిగా తెరిచి ఉందా చూడండి.

ఇక బిల్లు. నాకు అసలు చెప్పాలని ఉన్నది ఇదే.

రాత్రి తగ్గిస్తే డబ్బు మిగులుతుందన్నది అబద్ధం కాదు. రోజుకి ఎనిమిది గంటలు 7 నుంచి 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గిస్తే ఏడాదికి 10 శాతం దాకా ఆదా అవుతుందని అమెరికా ఇంధన శాఖే చెప్తుంది. కానీ చలికాలంలో హీట్ పంప్‌కి ఇది అలాగే వర్తించదని కూడా అదే శాఖ చెప్తుంది, ఆ రెండో మాట ఎవరూ చదవరు. ఎందుకో చూడండి. హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటు తీసుకుని, బయటి చలిని బట్టి, రెండు నుంచి నాలుగు యూనిట్ల వేడిని ఇంట్లోకి మోసుకొస్తుంది. ఆగ్జిలరీ కాయిల్స్ ఒక యూనిట్‌కి ఒక యూనిటే ఇస్తాయి. మీరు రాత్రంతా 17లో ఉంచి పొద్దున ఆరింటికి 21 కావాలన్నారు. నాలుగు డిగ్రీల ఎత్తు చూడగానే థర్మోస్టాట్‌కి "కంప్రెసర్ ఒక్కదానితో కాదు" అనిపించి ఆగ్జిలరీని పిలుస్తుంది. 10 కిలోవాట్ల కాయిల్స్ రోజూ పొద్దున ఒక గంట నడిస్తే పది యూనిట్లు, నెలకి మూడొందలు. రాత్రంతా పైసా పైసా మిగిల్చి పొద్దున గంటలో తగలేస్తున్నారన్నమాట. గ్రాఫ్‌లో ఐదు, ఏడు గంటల మధ్య ఆగ్జిలరీ గీత ఉందో లేదో చూడండి, ఉంటుందని నా పందెం.

అందుకని మొదటి మార్పు, రాత్రి తగ్గింపుని ఒకటి లేదా ఒకటిన్నర డిగ్రీకి పరిమితం చేయండి. రెండో మార్పు, ఆగ్జిలరీ మాక్సిమమ్ అవుట్‌డోర్ టెంపరేచర్ అని ఉంటుంది, అంటే బయట ఇంతకంటే వెచ్చగా ఉంటే కాయిల్స్ ముట్టుకోవద్దు అని. దాన్ని 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలుపెట్టి, ఇల్లు నిలబడుతుంటే రెండేసి డిగ్రీలు దించుకుంటూ పోండి. మూడోది, కంప్రెసర్ మినిమమ్ అవుట్‌డోర్ టెంపరేచర్, ఇంతకంటే చలి అయితే కంప్రెసర్‌ని నడపొద్దు అని. కొన్ని మోడళ్లలో ఇది ఫ్యాక్టరీ నుంచే 35 ఫారెన్‌హీట్‌కి, అంటే దాదాపు 2 సెల్సియస్‌కి పెట్టి వస్తుంది. ఇప్పటి హీట్ పంపులు అంతకంటే ఎంతో చలిలోనూ కాయిల్స్ కంటే చవగ్గా వేడి ఇస్తాయి, మరి వాటిని 2 డిగ్రీలకే ఇంటికి పంపేస్తే పనంతా కాయిల్స్ నెత్తిన పడుతుంది. మీ మిషన్ మాన్యువల్‌లో ఎంతవరకు నడుస్తుందో చూసి అక్కడికి దించండి. ఆగ్జిలరీ స్థానంలో గ్యాస్ ఫర్నేస్ ఉన్నవాళ్లకి మాత్రం లెక్క వేరే, రెండూ ఒకేసారి నడవకూడదు, అక్కడ ఒకదాని నుంచి ఇంకోదానికి మారే ఉష్ణోగ్రతని గ్యాస్, కరెంటు ధరలు చూసి వేసుకోవాలి. నెస్ట్‌లో ఇవన్నీ కలిపి హీట్ పంప్ బ్యాలెన్స్ అనే ఒక్క మీటలా ఉంటాయి, దాన్ని పొదుపు వైపు జరపండి.

ఈ బయటి ఉష్ణోగ్రత చాలావరకు ఇంటర్నెట్ నుంచి వస్తుంది, మీ గోడ బయట నుంచి కాదు. కాబట్టి యాప్‌లో మీ లొకేషన్ సరిగ్గా ఉందో లేదో చూడండి, వేరే ఊరు పడి ఉంటే పైన పెట్టిన అంకెలన్నీ ఆ ఊరి చలికి పనిచేస్తాయి. ఇంకోటి, బయట యూనిట్ అప్పుడప్పుడు తన మీద పట్టిన మంచు కరిగించుకోవడానికి కొన్ని నిమిషాలు డీఫ్రాస్ట్‌లోకి వెళ్తుంది, పొగలాంటి ఆవిరి లేస్తుంది, ఆ సమయంలో కాయిల్స్ ఆన్ అవుతాయి. అది మామూలే, భయపడి ఎమర్జెన్సీ హీట్ నొక్కకండి. ఎమర్జెన్సీ హీట్ అంటే కంప్రెసర్‌ని పక్కనపెట్టి పూర్తిగా కాయిల్స్ మీద బతకడం, కంప్రెసర్ పాడైనప్పుడు వాడాల్సింది, చలి ఎక్కువైనప్పుడు కాదు.

తెలివి ఫీచర్ల గురించి క్లుప్తంగా. ముందే మొదలుపెట్టే స్మార్ట్ రికవరీ, మనుషులు లేరని తగ్గించే అవే మోడ్, ఫోన్ ఎక్కడుందో చూసే జియోఫెన్సింగ్, కరెంటు కంపెనీ పీక్ టైమ్ స్కీమ్, వాయిస్ అసిస్టెంట్‌లో ఎప్పుడో రాసి మర్చిపోయిన రొటీన్, ఇవన్నీ ఒకే స్విచ్ మీద తలా ఒక చెయ్యి వేస్తాయి. "నేను ముట్టుకోలేదు, దానంతట అదే మారింది" అనే ఫిర్యాదుల్లో దాదాపు ఎప్పుడూ వీటిలో ఒకటే దొంగ. వారం పాటు స్మార్ట్ రికవరీ ఒక్కటి ఉంచి మిగతావి ఆపేయండి. హీట్ పంప్‌కి ఆ ఒక్కటి మంచిదే, ముందుగా మొదలుపెడితే కాయిల్స్ లేకుండా కంప్రెసర్ నెమ్మదిగా ఎక్కిస్తుంది, ఆరింటికి పెట్టారు కదా నాలుగున్నరకే ఎందుకు మోగుతోందని ఆపేయకండి. వెనక, వేళల్ని ముందే పెట్టుకునే ప్రోగ్రామబుల్ థర్మోస్టాట్లకి అమెరికాలో ఇచ్చిన ఎనర్జీ స్టార్ అనే పొదుపు గుర్తుని 2009 చివర్లో ఎత్తేశారు, పెట్టె కొన్నంత మాత్రాన ఆదా అవుతుందని చూపించలేకపోవడమే కారణం, అంతా జనం దాన్ని ఎలా వాడతారన్న దాని మీదే ఉంది. తెలివి పెరిగినా ఆ బాధ పోలేదు.

ఫ్యాన్‌ని ఆటోలో ఉంచండి. కూలింగ్ కాలంలో కంప్రెసర్ ఆగాక ఫ్యాన్ ఇంకొంచెంసేపు తిప్పే ఆప్షన్ ఉంటుంది, పొడి వాతావరణంలో అది లాభమే, ఉక్కపోత ఉన్నచోట కాయిల్ మీద పట్టిన నీరు మళ్లీ ఆవిరై గదిలోకే వస్తుంది కాబట్టి అక్కడ సున్నా చేయండి. హీట్, కూల్ రెండూ తనే మార్చుకునే ఆటో మోడ్ వాడితే రెండిటి మధ్య కనీసం మూడు డిగ్రీల సెల్సియస్ ఎడం ఉంచండి, లేకపోతే ఒకే రోజు వేడి, చల్లదనం రెండూ కొనుక్కుంటారు.

వైర్ల దగ్గర ఒక్క మాట. థర్మోస్టాట్‌కి ఎప్పుడూ కరెంటు అందేలా చేసే సి వైర్ లేకుండా పెట్టి ఉంటే, థర్మోస్టాట్ మిగతా వైర్ల నుంచి కొంచెం కొంచెం కరెంటు దొంగిలించి బ్యాటరీ నింపుకుంటుంది, దానివల్ల కూడా వింత ఆన్-ఆఫ్‌లు, వైఫై ఊడిపోవడాలు వస్తాయి. కుదిరితే సి వైర్ వేయించండి. మూత తీసేముందు బ్రేకర్ ఆపండి. ఇది 24 వోల్టులే కదా, షాక్ కొట్టదు కదా అని నేను మొదట్లో ఒకసారి అలాగే తీశాను, స్క్రూడ్రైవర్ కొస ఆర్ వైర్‌నీ (కరెంటు వచ్చేది) సి వైర్‌నీ కలిపి తాకింది, చిటుక్కుమని ఇంత శబ్దం కూడా రాలేదు, తెర చీకటైపోయింది. మొదటికే మోసం వచ్చిందనుకున్నాను. లోపల కంట్రోల్ బోర్డు మీద కారులో ఉండేలాంటి చిన్న ఫ్యూజ్, ఊదారంగుది, 3 ఆంపియర్లు, అది పోయింది. బోర్డు బతికింది. మూత తీయగానే సన్న వైర్లకి బదులు లావు వైర్లు, వాటి కొసలకి ప్లాస్టిక్ టోపీలు కనిపిస్తే వెంటనే మూసేయండి, అది మెయిన్స్ కరెంటు, ఈ రకం థర్మోస్టాట్ దానికి పనికిరాదు.

వైఫై మాటిమాటికీ పోతుంటే రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి వేరే పేరు పెట్టి దానికే కలపండి, చాలా మోడళ్లకి 5 అందదు. సెకండ్ హ్యాండ్‌ది కొనాలనుకునేవాళ్లు ఏ తరందో అడిగి కొనండి. మొదటి, రెండో తరం నెస్ట్ లెర్నింగ్ థర్మోస్టాట్లకి 2025 అక్టోబర్ 25తో యాప్ సపోర్ట్ ఆగిపోయింది, గోడ మీద తిప్పితే పనిచేస్తాయి, ఫోన్ నుంచి కావు.

మీరు చేయాల్సిన వరస ఇది. ఇవాళ ఫొటోలు, గ్రాఫ్, లావు పైపు పరీక్ష. రేపు సీపీహెచ్ లేదా డిఫరెన్షియల్ ఒక్కటే మార్చి మూడు రోజులు వదిలేయండి. ఆ తర్వాత రాత్రి తగ్గింపు, ఆగ్జిలరీ అంకెలు, ఇంకో వారం. పడకగది సెన్సర్ చివర్లో. ఒకేరోజు నాలుగు మార్చితే ఏది పనిచేసిందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. ఇదంతా అయ్యాక కూడా బయట 8 డిగ్రీలున్న రోజున కంప్రెసర్ ఆగకుండా నడుస్తూ ఇల్లు వెచ్చబడకపోతే హీట్ పంప్ లోపల తిరిగే రిఫ్రిజరెంట్ గ్యాస్ తగ్గిందేమో, ఎక్కడైనా లీకేజీ ఉందేమో టెక్నీషియన్ చూడాలి. ఆయన వచ్చినప్పుడు ఆ రోజు గ్రాఫ్ తెరిచి చూపించండి, "సరిగ్గా వేడెక్కట్లేదు" అని చెప్పడం కంటే ఆయనకి అది ఎక్కువ పనికొస్తుంది. ఓ/బి ఎంత పెట్టి ఉంది, సైకిల్ అంకె ఎంత, గ్రాఫ్‌లో పొద్దున ఆగ్జిలరీ ఎన్ని నిమిషాలు నడిచింది, ఈ మూడూ చూసి చెప్పండి, మిగతాది అప్పుడు మాట్లాడదాం.